ఇరవయ్యారు ఇంటూ ఒకటీ ముప్పావు

మార్చి 2

అక్కా,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఒక్క సైకిలుకే బాగాలేదు.

అవును, సైకిలే. నాదే. యాభై తొమ్మిదేళ్లకి సైకిలు తెచ్చుకున్నాను. పక్కవీధి పళ్ల డాక్టరుగారి అటక మీద ఎప్పటిదో పడి ఉంటే దులిపించి ఇంటికి చేర్చాను. మూడో అంతస్తు బాల్కనీలో, బట్టలారేసే తీగ కింద ఉంది. మీ మరిది రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి, దాన్ని ఎగాదిగా చూసి, "అయితే ఇది మనతోనే ఉంటుందన్నమాట" అని లోపలికి పోతున్నారు.

సరదాకి కాదు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, తువ్వాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లకి లెక్కలు చెబుతున్నాను. ఒకామె ఇస్త్రీ, ఒకామె అంచులు కుడుతుంది, మూడో ఆమె మూటలు కడుతుంది. ముగ్గురూ పదో తరగతి లెక్కల్లో రెండేసి సార్లు తప్పారు. ఈసారి గట్టెక్కితే సూపర్‌వైజర్లవుతారు. లేకపోతే ఆ పోస్టుల్లోకి బయటివాళ్లని తీసుకుంటారట. పరీక్ష ఏప్రిల్ 18న. నాలుగింటికి వాళ్ల షిఫ్టు అయిపోతే, ఆరింటిదాకా ఫ్యాక్టరీ క్యాంటీన్లో పాఠం. అటు వెళ్లే బస్సు జనవరిలో ఆపేశారు. తొమ్మిది కిలోమీటర్లు. ఐదు తారురోడ్డు, నాలుగు కంకర.

పదకొండు రోజుల్లో నాలుగు పంక్చర్లు. వెనక టైరు చలికాలం పెదవిలా పగిలిపోయింది. ఇక్కడి షాపులో అడిగితే ఆ పాత సైకిలు వంక చూసి పెదవి విరిచారు. టైరు పక్కన రాసిన సైజు: 26 × 1.75. నలుపు రంగు. ఒకటి పంపించు. టైర్లన్నీ ఒకటే కదా, ఏదైనా ఫరవాలేదు.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీ సైకిలు షాపులో కంప్రెసర్ మోతకి "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకేమీ వినబడదు. బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు (రిటైర్డ్ లెక్కల టీచరు)


మార్చి 6

ఒసేయ్ చిట్టీ,

కవరు మీద నీ దస్తూరీ చూడగానే మీ బావ ముఖం వేలాడేసి "ఎవరో పోయారు" అన్నాడు. నేను విప్పి చదివి పకపకా నవ్వుతుంటే, దుఃఖంతో మతి చలించిందనుకుని మంచినీళ్లు తెచ్చాడు. చిన్నప్పుడు సైకిలెక్కితే మోకాళ్లు మొద్దుబారతాయని పుస్తకం పట్టుకుని మూల కూర్చున్నదానివి, నువ్వా?

సరే, నవ్వింది చాలు. టైర్లన్నీ ఒకటేనా? "లెక్కలన్నీ ఒకటే కదమ్మా, ఏదో ఒకటి చెప్పు" అని నీ దగ్గరికెవరైనా వస్తే బెత్తం తియ్యవూ?

విను. బొడిపెల టైరని ఒకటుంది. బురదలో, మట్టిలో పట్టు బాగా దొరుకుతుంది. తారురోడ్డు ఎక్కిందంటే జుయ్యిమని రొద చేస్తూ, నీ కాళ్ల సత్తువంతా అదే తాగేస్తుంది. నున్నటి సన్న టైరు ఇంకొకటి. తారు మీద జారిపోతున్నట్టు పోతుంది. కంకరలో దింపావో, నిన్ను కూడా దింపుతుంది. నీ దారి రెండు రకాలుగా ఉంది కాబట్టి నీకు మధ్యరకం కావాలి. నడిమిన నున్నగా, పక్కల గాట్లతో, కాస్త వెడల్పుగా, లోపల పంక్చర్ కాకుండా అడ్డుకునే పట్టీతో. అలాంటిది నువ్వు రాసిన సైజులోనే పార్సిల్ చేశాను. మీ బావ నాలుగు గోనెపట్టలు చుట్టి కుట్టాడు. విప్పడానికి ఒక పూట పడుతుంది, విసుక్కోకు.

పక్కన బాణం గుర్తు ఉంటుంది. చక్రం ముందుకి తిరిగే వైపుకి బాణం ఉండాలి. గాలి ఎంత కొట్టాలో కూడా అక్కడే ఉంటుంది, 35 నుంచి 65 అని. ఆ మధ్యలో ఎంతన్నది నీ బరువుని బట్టి. బరువెంతో రాయి. నిజం రాయి. సైకిలుకి అబద్ధం చెబితే అది నడిరోడ్డు మీద బయటపెడుతుంది.

ఆ ముగ్గురినీ అడిగానని చెప్పు. నాకూ లెక్కలంటే ఒళ్లు మంటేనని చెప్పు, ధైర్యం వస్తుంది.

అక్క


మార్చి 14

అక్కా,

పార్సిల్ అందింది. గోనెపట్టలు విప్పాం. టైరు మాత్రం ఎక్కలేదు.

మొన్న ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటదాకా బాల్కనీలో యుద్ధం చేశాం. ఒక పక్క మీ మరిది, ఒక పక్క నేను. మా పెళ్లయ్యాక ఇద్దరం ఒకే పనిని ఒకేసారి చేయడం ఇదే మొదలేమో. ఒకవైపు ఎక్కిస్తే రెండోవైపు ఊడుతుంది. చెంచాలతో ఎత్తి చూశాం. ఆరు స్టీలు చెంచాలు వంకర్లు పోయాయి. ఇప్పుడు వాటితో ఏం తిన్నా పక్కవాళ్ల కంచం వైపే పోతోంది. ఆయన బొటనవేలి గోరు నల్లబడింది. "మీ అక్కగారు ఇది చిన్నపిల్లల సైకిలుదేమైనా పంపారా?" అని అడిగారు.

నేను రాసిన సైజే పంపానన్నావు. టైరు మీద కూడా అదే రాసి ఉంది. రాసింది ఒకటే, కొలత ఒకటే, అయినా ఎక్కదు. ఇదెలా సాధ్యం? దగ్గర దగ్గర యాభై ఏళ్లుగా టైర్లు ఎక్కించే మనిషికి ఎక్కని టైరేదో తెలియదా? ఆ ఉత్తరంలో నువ్వు నవ్విన తీరు చూసి, ఆలోచించి ఆలోచించి అడుగుతున్నాను. నా మీద పాతకోపం ఏమైనా ఉంటే నాకే చెప్పు. టైరుతో చెప్పించకు.

ముందు చక్రానికి గాలి మాత్రం కొట్టించాను. 35 అంటే పాసు మార్కులు. నేను పాసు మార్కులతో సరిపెట్టుకునే మనిషిని కాదని నీకు తెలుసు. అరవై ఐదుకి అరవై ఐదూ కొట్టించాను. కంకరలో పళ్లు పటపట కొట్టుకుని, క్యాంటీన్ చేరాక పావుగంటదాకా "త్రికోణం" అన్నమాట సరిగ్గా పలకలేకపోయాను. బరువు అరవై. (ఇది రాస్తుంటే మీ మరిది పక్కనుంచి దగ్గారు.)

మంగళవారం మళ్లీ పంక్చరై, అతుకు వేసేవాళ్ల కోసం గంటన్నర వెతికి, చివరికి నాలుగు కిలోమీటర్లు సైకిలుని నేనే నడిపించుకెళ్లాను. నేను వెళ్లేసరికి పాఠం టైము అయిపోయి ముగ్గురూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "ఫరవాలేదు టీచరు, ఇవాళ పాత లెక్కలే చేసుకున్నాం" అంది ఇస్త్రీ ఆమె. చూపించమంటే పుస్తకం వెనక్కి దాచింది. అన్నీ తప్పులే.

చెల్లెలు


మార్చి 18

నలభై తొమ్మిదేళ్లలో ఈ చేతుల మీదుగా ఎన్ని టైర్లు పోయాయో నాకే తెలీదు. తప్పుది ఒక్కటి ఇవ్వలేదు. నువ్వు రాసింది పంపాను. అంతే.

నీ సైకిలుకి ఉన్న పాత టైరు పక్కన ఏం రాసుందో ఉన్నదున్నట్టు రాయి. చుక్కకి చుక్క, గీతకి గీత. అర్థం చేసుకోకు, చూసి రాయి.

పాతకోపం అన్నావు కాబట్టి ఒకటి చెప్తాను, నువ్వే అడిగావు. నీ పెళ్లి గ్రూపు ఫోటోలో గ్రీజు మరకలు కనబడతాయని నన్ను చేతులు వెనక్కి పెట్టుకోమన్నావు. ముప్పై ఐదేళ్లుగా ఆ ఫోటోలో నేను పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా నిలబడి ఉన్నాను. ఆ తర్వాత నువ్వు మా ఇంటికి వచ్చావు, పోయావు. షాపు గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. నేను లెక్కపెట్టలేదు గానీ, లెక్కల టీచరువి, నువ్వు పెట్టే ఉంటావు.

కోపం ఉంది. కానీ కోపం ఉందని ఎక్కని టైరు పంపేదాన్ని కాదు. ఆ రెండూ వేరు.

మరిదిగారి వేలికి ఐసు పెట్టమను.

అక్క


మార్చి 22

అక్కా,

మూడుసార్లు రాసి చించేశాను. ముందు నువ్వడిగింది.

పాత టైరు మీద ఉన్నదున్నట్టు: 26 × 1¾. పక్కనే చిన్న అక్షరాల్లో: 47-571.

1¾ అంటే 1.75 కాబట్టి మొదట్లో సులభంగా ఉంటుందని దశాంశంలోకి మార్చి రాశాను. అందులో తేడా ఏమీ లేదు. రెండోదే నాకు బోధపడలేదు. 47 లోంచి 571 తీసేస్తే మైనస్ ఐదువందల ఇరవైనాలుగు వచ్చింది. సైకిలు టైరుకి మైనస్ ఎందుకుంటుంది? మీ మరిది అది తయారీ తేదీ అంటున్నారు. ఏ క్యాలెండరులోనో మరి.

ఇక రెండో సంగతి. అవును, సిగ్గుపడ్డాను. ఆయన తరఫువాళ్లంతా తెల్ల చొక్కాలతో వరసగా నిలబడి ఉంటే, నీ గోళ్ల నలుపు చూసి సిగ్గేసింది. ఇరవై నాలుగేళ్ల దాన్నని చెప్పుకోవచ్చు గానీ, దానితో మాఫీ అయిపోదు. తప్పు చేశాను.

షాపుకి రాకపోవడానికి కారణం మాత్రం అది కాదు. నువ్వు ఎనిమిదో తరగతిలో బడి మానేసి షాపులో చేరబట్టే నేను కాలేజీకి వెళ్లగలిగాను. నా చదువంతా నువ్వు వదులుకున్న చదువు. నువ్వు గ్రీజు పూసుకుని కూర్చుంటే చూడ్డానికి నాకు మనసొప్పలేదు. నా రిటైర్మెంట్ రోజు స్టేజీ మీద కూడా ఇదే చెప్పాను. హాలంతా కళ్లు తుడుచుకుంది.

చిట్టి


మార్చి 26

చిట్టీ,

ఏమిటీ, స్టేజీ మీద చెప్పావా! ఇదన్నమాట సంగతి. పోయిన ఏడాది మీ స్కూలు నుంచి ఎవరో ఇద్దరు టీచర్లు ఈ దారిన పోతూ నా షాపు ముందాగి, రెండు చేతులూ పట్టుకుని, "మీరు దేవతమ్మా" అని వెళ్లిపోయారు. పంక్చర్ బాగా వేశాననుకున్నాను.

త్యాగం లేదు, గీగం లేదు. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చినవి తొమ్మిది మార్కులు. వందకి. పుస్తకం తీస్తే నిద్ర, చక్రం తిప్పితే హుషారు. బడి ఎగ్గొట్టి సైకిలు షాపు బెంచీ మీద కూర్చుంటే నాన్న వచ్చి నాలుగు తగిలించి తీసుకుపోయేవాడు. చివరికి ఆయనే విసిగిపోయి "అక్కడే చావు" అన్నాడు. ఆ రోజు నాకు పండగే. నువ్వు నా చదువు చదవలేదు, నీ చదువు నువ్వు చదువుకున్నావు. ముప్పై ఐదేళ్లు నువ్వు జాలిపడుతూ, నువ్వు నన్ను చూసి మూతి ముడుస్తున్నావని నేను అనుకుంటూ. ఇద్దరికీ బుద్ధి లేదు. నీకు కాస్త ఎక్కువ లేదు.

ఇక అసలు సంగతి. కుర్చీ ఉంటే కూర్చో. 1¾ వేరు, 1.75 వేరు.

అరవకు. కాగితం మీద రెండూ ఒకటే, ఒప్పుకుంటాను. టైర్లలో కాదు. ఆ 26 ఉంది చూశావూ, అది టైరు బయటి కొలత, అదీ సుమారుగా. టైరు అంచులో ఇనుప తీగ దాగి ఉంటుంది. రిమ్ము మీద అది కూర్చునే చోటి కొలత అసలైంది. ఒకరు కొలతని భిన్నంలో రాసి ఒకరకం రిమ్ము చేశారు, ఇంకొకరు దశాంశంలో రాసి ఇంకోరకం చేశారు. రెండిట్నీ ఇరవయ్యారనే పిలిచారు. అందుకే చివర్లో మిల్లీమీటర్లు వేస్తారు. 47-571 తీసివేత కాదే తల్లీ, మధ్యలో ఉన్నది ఉత్త అడ్డగీత. 47 టైరు వెడల్పు, 571 ఆ తీగ చుట్టు అడ్డకొలత. నేను పంపిన దాని మీద 559 అని ఉంటుంది, చూసుకో. పన్నెండు మిల్లీమీటర్లు తక్కువ. ఆరు చెంచాలు కాదు, అరవై పెట్టినా ఎక్కదు.

నువ్వు ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఈ గొడవంతా లేదు. నువ్వు "సులభం" చేశావు!

571 ఇప్పుడు అరుదు. ముగ్గురు డీలర్లని అడిగితే ఒకరి దగ్గర రెండు దొరికాయి. పార్సిల్లో పంపితే మళ్లీ చెంచాలు తీస్తావు. నేనే ఏప్రిల్ 3న వస్తున్నాను. మీ బావ రెండురోజులు షాపు చూస్తానన్నాడు. ఆయన చూస్తాడు, చేయడు, అయినా సరే.

ముందు చక్రంలో గాలి యాభైకి దించు. నీ బరువు డెబ్బై అనుకుని చెబుతున్నాను.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

నువ్వు బస్సెక్కి అయిదు రోజులైంది. రెండు టైర్లూ బంగారంలా ఉన్నాయి. ఒక్క పంక్చర్ లేదు. కంకరలో కూడా "త్రికోణం", "చతుర్భుజం" అని పలుక్కుంటూ పోతున్నాను.

నువ్వు మా మెట్ల మీద చక్రం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు కింది ఇంటి లాయరుగారు చూశారు కదా. మర్నాడు నన్నాపి "ఆ మెకానిక్ ఎవరండీ, చేతిలో మంత్రముంది" అన్నారు. "మా అక్క. సైకిలు షాపు ఆవిడదే" అన్నాను. ఇప్పుడు మా బిల్డింగులో ఐదు సైకిళ్లు గోడకానించి నీ కోసం ఎదురుచూస్తున్నాయి. మీ మరిది వాటికి వరస నంబర్లు వేశారు.

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఆ రోజు నాతో క్లాసుకి వచ్చి, బెంచీ చివర కూర్చుని, ఆ ముగ్గురికీ టైరు కథ చెప్పావు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, బాగానే ఉంది. ఇప్పుడు భిన్నాలు చెబుతుంటే ఒక్కరూ నమ్మడం లేదు. మొన్న బోర్డు మీద "1¾ = 1.75" అని రాశాను. మూటలు కట్టే ఆమె చేతులు కట్టుకుని, "మీకు అలాగే అనిపిస్తుంది టీచరు. పెద్ద టీచరు చెప్పింది కదా, ఎక్కదని" అంది. మిగతా ఇద్దరూ తలలూపారు. పెద్ద టీచరు అంటే నువ్వే. ముప్పై మూడేళ్లు పాఠం చెప్పిన నేను చిన్న టీచరునయ్యాను.

పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది. వెంటనే నీ మాట వెనక్కి తీసుకుంటూ రాసి పంపు. సంతకం పెట్టు.

చిట్టి


ఏప్రిల్ 11

తువ్వాళ్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లోని ముగ్గురికీ పెద్ద టీచరు తెలియజేయునది. (చిట్టీ, ఇది గట్టిగా చదివి వినిపించు. ముఖం మామూలుగా పెట్టుకో.)

అమ్మాయిలూ, 1¾ అన్నా 1.75 అన్నా ఒకటే. మీ టీచరు చెప్పిందే రైటు. రిమ్ము మీద ఒకటి కాదు, ఆ మాట మాత్రం నేను చచ్చినా వెనక్కి తీసుకోను. కానీ మీరు పరీక్ష రాసేది కాగితం మీద. కాగితానికి ఇనుప తీగ ఉండదు. కాబట్టి అక్కడ సమానమనే రాయండి. మార్కులొచ్చాక నా షాపుకి రండి, ఎందుకు కాదో చూపిస్తాను.

ఇంకొకటి. మీ టీచరు తొమ్మిది కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తోంది. నాకు వందకి తొమ్మిది వచ్చిన రోజుల్లో ఇలాంటి మనిషి నా కోసం ఒక కిలోమీటరు నడిచి వచ్చినా, పదో పదకొండో తెచ్చుకునేదాన్ని. తప్పులు చేస్తే పుస్తకం వెనక్కి దాచకండి. పంక్చరెక్కడుందో చూపిస్తేనే అతుకు వేయగలం.

పెద్ద టీచరు
(సంతకం. పక్కన ఉన్నది వేలిముద్ర కాదు, గ్రీజు.)


జూన్ 1

అక్కా,

ఫలితాలొచ్చాయి. అంచులు కుట్టే ఆమెకి యాభై రెండు. మూటలు కట్టే ఆమెకి నలభై ఏడు. ఇద్దరూ వచ్చేనెల నుంచి సూపర్‌వైజర్లు.

ఇస్త్రీ ఆమె నాలుగు మార్కులతో పోయింది. రేఖాగణితం దెబ్బ కొట్టింది. ఆమెకి ఎలా చెప్పాలో తెలియక దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. వెళ్లేసరికి ఆమె ప్రశ్నపత్రమంతా బల్ల మీద పరిచి, తప్పిన ప్రతి లెక్క చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి కూర్చుంది. "ఇదిగో టీచరు, ఇక్కడిక్కడ గాలి పోయింది. సెప్టెంబరులో మళ్లీ రాస్తాను. ఒక పోస్టు అప్పటిదాకా ఉంచుతామన్నారు" అంది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నాకు తువ్వాలు ఇచ్చింది, అప్పుడే ఇస్త్రీ చేసింది. వెచ్చగా ఉంది.

పరీక్షలో 1¾ ని దశాంశంలో రాయమని నిజంగానే వచ్చింది. ముగ్గురూ 1.75 అనే రాశారు. మూటలు కట్టే ఆమె మాత్రం కింద బ్రాకెట్లో "ఇది సైకిళ్లకు వర్తించదు" అని రాసొచ్చిందట. మార్కు ఇచ్చారు. దిద్దినవాళ్లకి సైకిలు ఉండి ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి. ముగ్గురూ సైకిళ్లు కొనుక్కున్నారు. వాళ్లని చూసి ఫ్యాక్టరీలో ఇంకో నలుగురు. ఆ కంకర ఎవరినీ వదలదు కదా, పంక్చరైనప్పుడల్లా అందరూ నా వంకే చూస్తున్నారు. నాకేమో గాలి కొట్టడం తప్ప ఏమీ రాదు. ఒక వారం వచ్చి నీ దగ్గర పని నేర్చుకుందామనుకుంటున్నాను. షాపులోనే. నీకు అభ్యంతరం లేకపోతే, నీ వీలు చూసి ఏ రోజు రమ్మంటావో రాయి. రద్దీ లేని రోజైతే నీకు ఇబ్బంది ఉండదు.

చిట్టి


జూన్ 5

చిట్టీ,

ముందు ఆ ఇద్దరికీ నా ముద్దులు. మూడో ఆమెకి నాలుగు ఎక్కువ, ఆ నాలుగు మార్కులకి బదులు.

ఇక నువ్వు. గురువారం షాపుకి సెలవు, ఆ రోజు రాకు. సోమ, మంగళవారాలు ఈగలు తోలుకుంటూ ఉంటాం, అప్పుడూ రాకు. శనివారం రా. శనివారం పొద్దున ఎనిమిదింటికే ఇక్కడ సందు చివరిదాకా సైకిళ్లుంటాయి. పాలవాళ్లు, పేపర్లవాళ్లు, బ్యాంకు మేనేజరు, మార్కెట్ ఆడవాళ్లు అందరూ ఉంటారు. బయటి బెంచీ తుడిపించి, రోడ్డు వైపుకి తిప్పించాను. నువ్వు లోపల మూల కూర్చుంటానంటే కుదరదు. అందరికీ కనబడేలా అక్కడే కూర్చుని పని చేయాలి.

మరకలైనా బాధపడని బట్టలు తెచ్చుకో. కళ్లజోడు మర్చిపోకు, అక్షరాలు చిన్నవి. మొదటిరోజు నీకు పెద్ద పనేమీ ఇవ్వను. ఏ సైకిలు వచ్చినా టైరు పక్కన ఏముందో చదివి ఉన్నదున్నట్టు గట్టిగా చెప్పాలి, అంతే. సులభం చేశావంటే ఇంటికి పంపేస్తాను.

వచ్చిన ప్రతివాళ్లూ ఈవిడెవరని అడుగుతారు. సమాధానం నేను నిన్నటి నుంచే మొదలుపెట్టాను, నువ్వు వచ్చేలోగా సగం ఊరికి తెలిసిపోతుంది. మీ బావ అప్పుడే విసుక్కుంటున్నాడు. "పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాడికి మీ చెల్లెలి డిగ్రీలు ఎందుకే?" అంటాడు. ఆయనకేం తెలుసు.

అక్క